ఉడికే నేల, రెండు కుక్కలు

కిందటి నెల అరిజోనాలోని చాండ్లర్‌లో మా అక్కావాళ్లింట్లో, భోజనాల దగ్గర, మా బావ మళ్లీ ఆ కథ చెప్పాడు. నలభై ఏళ్లుగా చెబుతున్నాడు. కాలిఫోర్నియాలో అగ్నిపర్వతాల పార్కుకి కుక్కల్ని వెంటబెట్టుకుని వెళ్లడం, వాళ్లమ్మ అక్కడ కొబ్బరికాయ కొట్టడం, నేను బురదలో బోర్లాపడి పాకడం. చెప్పిన ప్రతిసారీ నేను కాస్త లావవుతాను, కుక్క కాస్త తెలివి మీరుతుంది. ఈసారి వింటున్నవాళ్లు పాతిక ముప్పై ఏళ్ల పిల్లలు. పడీపడీ నవ్వారు. "అంకుల్, మీరు భలే చెప్తారు" అని ఒకమ్మాయి ఆయన్ని మెచ్చుకుంది. నేను పెరుగన్నం సగంలో వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాను.

అది నవ్వాల్సిన రోజు కాదు. అంతగా నేను ఇంకెప్పుడూ భయపడలేదు, నన్ను బైపాస్ ఆపరేషన్‌కి తీసుకెళ్లినప్పుడు కూడా. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు రాయను. కొందరు బతికే ఉన్నారు, కొందరు ఇప్పుడు లేచొచ్చి తమ మాట తాము చెప్పుకోలేరు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. బెజవాడలో లేత్ మిషన్ మీద పని నేర్చుకున్నాను. ఇంగ్లీషు నాకు ఏ మాస్టారూ నేర్పలేదు. మిషన్లతో పాటు వచ్చే పుస్తకాలు, పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు, లారీల వెనక రాతలు, ఏది కనబడితే అది చదివి నేర్చుకున్నాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎక్కడికెళ్లినా ముందు బోర్డు చదువుతాను, అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా. మా బావ పెద్ద ఇంజనీరు. ఆయన బోర్డులు చదవడు. అన్ని డిగ్రీలున్నవాళ్లకి ఆ అవసరం ఉండదు కాబోలు.

అక్క ఇక్కడి పౌరసత్వం తీసుకుని నాకు కాగితాలు పెడితే డెబ్బైల చివర్లో వచ్చాను. అప్పుడు వాళ్లు ఉత్తర కాలిఫోర్నియాలో ఉండేవారు. వాళ్ల గరాజ్ పక్క గదిలో ఉంటూ పని కోసం తిరిగాను. పోయిన ప్రతిచోటా సర్టిఫికెట్ అడిగారు. ఒక్క చోట మాత్రం, చిన్న మిషన్ షాపు, ఓనరు అరవై దాటిన తెల్లాయన, సర్టిఫికెట్ అడక్కుండా ఇత్తడి ముక్కా డ్రాయింగు కాగితమూ ఇచ్చి పక్కన నిలబడ్డాడు. నేను చేసింది కొలిచి చూసుకుని, "రేపు ఏడింటికి రా" అన్నాడు. అంతే. ఈ దేశంలో నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయన.

మూడేళ్లు గడిచాక ఆయన భార్య పోయింది. పిల్లలు లేరు. ఆమె పెంచిన కుక్కలు రెండు మిగిలాయి. పెద్దది గోధుమరంగుది, చెవులు వినబడవు. చిన్నది నలుపూ తెలుపూ మచ్చలది, ఒక్కచోట నిలబడేది కాదు. మరుసటేడు ఆయన గుండె ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరాల్సొచ్చింది. వెళ్లే ముందురోజు రెండు కుక్కల తాళ్లూ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఆర్డర్లు ఆలస్యమైతే అవనీ. వీటిని చూసుకో. నేను ఇంటికొచ్చేసరికి అవి ఇంట్లో ఉండాలి."

ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ మాటంటున్నప్పుడు నా మొహంకేసి చూడలేదు. చిన్నదాని మెడ నిమురుతూ ఉండిపోయాడు.

ఆ రోజుల్లోనే మా బావ వాళ్లమ్మ, అత్తయ్యగారు, ఆర్నెల్లు ఉందామని గుడివాడ నుంచి వచ్చింది. మడీ ఆచారం గట్టిగా ఉన్న మనిషి. కుక్కల్ని గరాజ్‌లో పెట్టుకుంటానంటే మొదట గొడవ చేసింది. తరవాత ఆవిడే మెత్తబడింది. శనివారం పూజయ్యాక కొబ్బరి ముక్క దూరం నుంచి విసిరేది. తగిలితే మళ్లీ స్నానం చెయ్యాలి కదా. చిన్నది గాల్లోకి ఎగిరి అందుకునేది. "దీనికి పోయిన జన్మలో గుళ్లో పని" అనేది ఆవిడ.

అంతకు రెండేళ్ల ముందు వాషింగ్టన్‌ రాష్ట్రంలో నిప్పుకొండ పేలిన సంగతి టీవీలో మళ్లీ చూపించారు. అది చూసిన దగ్గర్నుంచి ఆవిడకి ఒకటే ధ్యాస. భూమిలోంచి నిప్పూ ఆవిరీ వచ్చేచోట అమ్మవారు ఉంటుందట, ఆ తల్లికి ఈ దేశంలో ఎవరూ ఒక్క కాయైనా కొట్టరట, అందుకే కోపమొచ్చిందట. మా ఊరికి నాలుగ్గంటల దూరంలో అలాంటి పార్కు ఉందని బావ నోరుజారాడు. అక్కడ కొండ మీద మంచు కరిగి రోడ్డు తెరిచేది వేసవిలోనే. జూలైలో ఒక శనివారం బయల్దేరాం.

కుక్కల్ని ఇంట్లో వదలడానికి లేదు. ఒంటరిగా ఉంటే ఊళ వేసేవి. పక్కింటాయన పోలీసుల్ని పిలుస్తానని అప్పటికే ఒకసారి హెచ్చరించి ఉన్నాడు. "నేను ఆగిపోతాను, మీరెళ్లి రండి" అన్నాను. "ఒరేయ్, అక్కడికెళ్లాక ఆవిణ్ని పట్టుకోవడం ఈయన వల్ల కాదు, నువ్వుండాలి" అంది అక్క. అలా రెండు కుక్కలూ స్టేషన్ వాగన్ వెనక ఎక్కాయి.

కొండెక్కుతుంటేనే నాకు భయం మొదలైంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు, కనీసం అడ్డు గోడ కూడా లేదు. బావ ఒంటిచేత్తో డ్రైవ్ చేస్తూ కొండల వయసు చెబుతున్నాడు. అత్తయ్యగారు కళ్లు మూసుకుని లోపల ఏదో చదువుకుంటోంది. గేటు దగ్గర ఒక కాగితం ఇచ్చారు. నేను మొత్తం చదివాను. కుక్కల్ని రోడ్ల మీదా, కార్లు ఆపేచోటా తాడుతో తిప్పుకోవచ్చు. దారుల మీదికీ చెక్క బాటల మీదికీ తీసుకెళ్లకూడదు. ఆవిరి వచ్చేచోట నేల పైపొర పల్చన, కింద మరిగే నీళ్లూ బురదా ఉంటాయి, బాట దిగకూడదు. తెలుగులో అందరికీ వినబడేలా చెప్పాను.

"లాయర్ల భయంతో రాస్తారోయ్ ఇవన్నీ" అన్నాడు బావ. "ఎవడో జారిపడి కేస్ వేస్తాడని. నువ్వు సబ్బు డబ్బా మీద రాసింది కూడా నమ్మే రకం."

"చదివింది చెప్పాను. అంతే."

"చెప్పావుగా. ఇంక కిటికీలోంచి చూడు, మంచు."

నిజమే, రోడ్డు పక్క గుట్టలుగా మంచు. దానికి పది గజాల అవతల నేలలోంచి పొగలాగా ఆవిరి. ఆ రెండూ ఒక్కచోట చూసేసరికి గేటు దగ్గరిచ్చిన కాగితం మళ్లీ తీసి చదివాను. కారు ఆగింది. తలుపు తియ్యగానే కుళ్లిన గుడ్ల కంపు. ఎక్కడో ప్రెషర్ కుక్కర్ ఈల వెయ్యబోయి ఆగిపోయినట్టు ఎడతెగని బుస. చిన్న కుక్క దూకింది. పెద్దది దిగలేదు. తాడు పట్టి లాగితే బండి అడుగుకి పొట్ట ఆనించి పడుకుంది. దానికి చెవులు వినబడవని చెప్పాను కదా, ఆ బుస దానికి వినబడే వీల్లేదు. ఎత్తుకుని కింద దింపితే నాలుగు కాళ్లూ వణుకుతున్నాయి. దానికేం తెలుస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. బేరింగ్ పోయిన మిషన్ పక్కన నిలబడితే అరికాళ్లకి ఎలా తెలుస్తుందో, బూట్లలోంచి నాకూ అలాగే తెలిసింది. నేల అదురుతోంది.

"నేనిక్కడే కార్లో కూచుంటా, కుక్కలతో" అన్నాను.

"హారతి ఇస్తుంటే కార్లో కూచుంటావటయ్యా?" అంది అత్తయ్యగారు. "ఇంత దూరం వచ్చి?"

"ఐదు నిమిషాలోయ్" అన్నాడు బావ. "ఎవరున్నారిక్కడ చూడ్డానికి? మా అమ్మ ముచ్చట తీరితే వెళ్లిపోదాం."

వెళ్లాను. ఇక్కడ ఎవర్నీ అనడానికి లేదు. బోర్డు చదివినవాణ్ని నేను. వెళ్లిందీ నేనే.

చెక్క బాట పొడుగైందేం కాదు, పాతిక అడుగులు వేస్తే అయిపోతుంది. చివర అడ్డంగా ఒక రెయిలింగ్, దాని పక్క బోర్డు. బోర్డు మీద బొమ్మ కూడా వేశారు, నేల పగిలి ఒక మనిషి కాలు లోపలికి దిగిపోతున్నట్టు. రెయిలింగ్ అవతల నేల బూడిదరంగులో కిందికి వాలి ఉంది. నాలుగు గజాల దూరంలో ఒక గుంట. అందులో బురద గంజి ఉడికినట్టు బుడగలు కట్టి పగులుతోంది.

అత్తయ్యగారు చెప్పులు విప్పింది. "చెక్క వెచ్చగా ఉందే" అంది సంతోషంగా. బాట అంచున ఉన్న రాతి మీద కొబ్బరికాయ కొట్టింది. రెండు చెక్కలూ బాట అంచున పెట్టి పసుపూ కుంకుమా చల్లింది. స్టీలు పళ్లెంలో కర్పూరం. గాలికి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోదీ ఆరింది. బావ తన కోటు అడ్డం పట్టాడు. మూడోది అంటుకుంది. ఆవిడ ఆ గుంటకి హారతి ఇచ్చింది, ఏదో పాడింది. నాకు ఆ పాట వినబడలేదు. నా చూపంతా రోడ్డు మీదుంది, ఎవరైనా వస్తారేమోనని. రెండు తాళ్లూ ఎడమ గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉన్నాను. గోళ్లు అరచేతిలో దిగాయి.

తరవాత పళ్లెం మా వైపు తిప్పింది. అక్క హారతి అద్దుకుంది. బావ అద్దుకున్నాడు. పళ్లెం నా ముందుకి వచ్చింది.

నేను భక్తుణ్ని కాను. గుడికి వెళ్లి ఎన్నేళ్లయిందో కూడా గుర్తులేదు. కానీ హారతి పళ్లెం ముందుకొస్తే ఒక్క చెయ్యి పెట్టడం మనవాళ్లలో ఎవరికైనా చేతనవుతుందా? నా రెండు చేతులూ లేచాయి. రెండు అరచేతులూ తెరిచి మంట మీద పెట్టాను, కళ్లకద్దుకున్నాను. ఎంతసేపు? రెప్పపాటు. చేతులు తీసి కళ్లు తెరిచేసరికి ఒక తాడు కొస బాట అంచు మీంచి పాములాగా జారి కిందికి పోతోంది.

కొబ్బరి చెక్క ఒకటి దొర్లి వాలులోకి పడింది. గాలికో, ఎవరి కాలు తగిలో. శనివారం, పూజ, కొబ్బరి. చిన్నది రెయిలింగ్ కింద దూరి దాని వెనకపోయింది.

మొదట నేల దాని బరువు ఆపింది. అది తేలికైన కుక్క. చెక్క దగ్గరికి పోయి నోట కరుచుకుంది, మావైపు తిరిగింది, తోక ఊపింది కూడా. అప్పుడు వెనకకాళ్లు దిగిపోయాయి. అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు. ఆ తరవాత అది అరిచిన అరుపు నేను రాయలేను. కుక్క అరుపులాగా లేదు.

నేను రెయిలింగ్ కింద నుంచి దూరాను. బొమ్మలో మనిషి నిలబడి దిగిపోయాడు కాబట్టి నేను బోర్లా పడుకున్నాను. ధైర్యం అనుకోకండి. ఆయన తాళ్లు నా చేతిలో పెట్టిన సంగతి తప్ప ఆ నిమిషంలో నా బుర్రలో ఇంకేమీ లేదు. చొక్కాలోంచి పొట్టకి వేడి తగిలింది. మోచేతుల కింద నేల పిండిలాగా నలుగుతోంది.

"ఒరేయ్, వద్దురా" అని అక్క గొంతు. "నా మాట విను. వెనక్కి రా. అది కుక్కరా."

తాడు కొస నాకు రెండు మూరల దూరంలో ఉంది. పాకి అందుకున్నాను. లాగాను. కుక్క ముందు కాళ్లతో నేల గీరుకుంటోంది, గీరిన కొద్దీ పెచ్చులు ఊడుతున్నాయి. ఇంకో మూర ముందుకి జరిగి ఎడమ చెయ్యి ఆనించాను. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. మరిగే నూనెలో పెట్టినట్టు అనిపించింది. చెయ్యి లాక్కున్నాను గాని తాడు వదల్లేదు. ఒక్కసారి దాన్ని వదిలానని నాకప్పటికే తెలుసు.

అంతలో ఎవరో నా రెండు చీలమండలూ పట్టుకున్నారు. బావ. బాట మీద పడుకుని, సగం బయటికి వేలాడుతూ, నన్ను వెనక్కి లాగుతున్నాడు. నేను కుక్కని లాగుతున్నాను. అలా ఒకరి వెనక ఒకరం ఆ చెక్క బాట మీదికి వచ్చిపడ్డాం. ఈ ముక్క ఆయన కథలో ఎప్పుడూ ఉండదు. ఉంటే ఆ తరవాత ఆయన నా పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చిన సంగతి కూడా చెప్పాల్సొస్తుంది.

పెద్ద కుక్క ఏమైందని చూశాను. అత్తయ్యగారు దాని తాడు రెండు చేతులకీ చుట్టుకుని, దాని మెడ కౌగిలించుకుని కూచుని ఉంది.

చిన్నదాని వెనకకాళ్ల మీద చర్మం ఊడి వస్తోంది. అత్తయ్యగారు మడికని వేరే సంచిలో తెచ్చుకున్న ఉతికిన చీర తీసి ఇచ్చింది. అక్క రోడ్డు పక్క మంచు దోసిళ్లతో తెచ్చింది. చీరలో మంచు పోసి కాళ్లకి చుట్టాం. అప్పుడొచ్చాడు పార్కు ఉద్యోగి, టోపీ పెట్టుకున్న కుర్రాడు. కుక్కని చూశాడు, నా చెయ్యి చూశాడు, బోర్డు చూశాడు.

"నీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?" అని నన్నే అడిగాడు. బావని కాదు. నా మొహం చూసి అలా అనిపించి ఉంటుంది.

"వచ్చు."

"ఇది చదివావా?"

"చదివాను."

"చదివి కూడా వెళ్లావా?"

మామూలు రోజైతే ఆ మొదటి ప్రశ్నకి నేను ఊరుకునేవాణ్ని కాను. ఇంగ్లీషు గురించి నన్ను అడిగినవాడికి తగిన బుద్ధి చెప్పకుండా వదిలింది ఆ ఒక్కసారే. ఆ కుర్రాడు మంచివాడే, రేడియోలో మాట్లాడి కింద ఊళ్లో పశువుల డాక్టరుకి కబురు చేశాడు. తోవ చెప్పాడు.

గంటకి పైన పట్టింది దిగడానికి. అదే రోడ్డు. ఇప్పుడు బావ రెండు చేతులతో నడుపుతున్నాడు. కుక్క తల అత్తయ్యగారి ఒళ్లో ఉంది. దాని ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి ఆగిపోయినట్టుగా ఉంది. ఆగినప్పుడల్లా నేను ముందుకి వంగి చూసేవాణ్ని. పోయిందేమో. ఆసుపత్రిలో ఛాతీ కోసి కుట్టిన మనిషి ముందు నిలబడి ఏం చెబుతాను? నా చెయ్యి బొబ్బలెక్కి మండుతోంది, అది హాయిగానే అనిపించింది, దాని గురించి ఆలోచిస్తున్నంతసేపు ఆయన గురించి ఆలోచించక్కర్లేదు.

"నా వల్లే నాయనా" అంది అత్తయ్యగారు. "ఆ కాయ నేను సరిగ్గా పెట్టి ఉంటే."

ఇంత కోపం, ఇంత రాద్ధాంతం చేస్తున్నవాణ్ని, ఆ రోజు ఆ ముసలావిడతో 'మీ తప్పు కాదు' అని ఒక్క మాట అనలేదు. కాయ దొర్లిందని ముగ్గురూ తీర్మానించుకున్నారు. తాడు సంగతి ఎవరూ అడగలేదు. ఎవరూ చూడలేదు కూడా, అందరి కళ్లూ హారతి మీదే ఉన్నాయి. ఊరుకున్నాను. ఆవిడ పోయేదాకా ఆ మాట మోసింది. ఉత్తరాల్లో కూడా రాసేది, ఆ మూగజీవి ఎలా ఉందని.

డాక్టరమ్మ రెండు గంటలు లోపల ఉంది. బయటికొచ్చి, "బతుకుతుందనే అనుకుంటున్నా. ఒక కాలు దక్కుతుంది. రెండోది తియ్యాలి" అంది. నా చేతిక్కూడా ఆవిడే కట్టు కట్టింది.

ఇంటికొచ్చాక బావ నన్ను పక్కకి పిలిచాడు.

"చూడు, ఆయనకి ఆపరేషన్ అయి మూడు వారాలైనా కాలేదు. ఈ అగ్నిపర్వతాలూ అవీ చెప్పకు. వంటింట్లో వేడినీళ్లు మీద పడ్డాయను. యాక్సిడెంట్. చేతి కట్టుకి కూడా సరిపోతుంది."

అన్ని డిగ్రీల బుర్ర. క్షణంలో కట్టేశాడు కథ. తప్పు పట్టడానికి లేదు, నాకూ బాగానే ఉందనిపించింది. మర్నాడు ఆసుపత్రి మెట్లెక్కేదాకా ఆ వేడినీళ్ల వాక్యం ఇంగ్లీషులో కూర్చుకుంటూనే ఉన్నాను.

ఆ వరండాలో నడుస్తున్నప్పటి భయం ముందు కొండ మీద భయం ఎంత? అక్కడ ఒళ్లు కాలుతుందని భయం. ఇక్కడ ఆయన నాకేసి చూస్తాడని.

ఆయన మంచం తల వైపు ఎత్తి కూచోబెట్టారు. బాగా చిక్కిపోయాడు. నా చేతి కట్టు చూశాడు.

"ఏది?" అన్నాడు.

"చిన్నది" అన్నాను. "బతికే ఉంది. ఒక కాలు తీసేశారు."

వేడినీళ్ల వాక్యం నాలుక మీద ఉంది. అది రాలేదు. పార్కు గురించి చెప్పాను. బోర్డు గురించి, ముసలావిడ గురించి, కాయ గురించి, హారతి గురించి చెప్పాను. చివరికి, "తాడు జారిపోయింది" అన్నాను.

మా షాపులో పనిముక్క ఏదైనా పాడైతే ఆయన తిట్టేవాడు కాదు. ఇంకో ముక్క చేతికిచ్చి, ఎలా చేశావో చేసి చూపించమనేవాడు. మాటల్లో చెప్పబోతే వినేవాడు కాదు. ఇప్పుడు కుర్చీ మీదున్న తన ఆసుపత్రి గౌను నడుం తాడు లాగి నాకు అందించాడు.

"చూపించు."

కట్టు కట్టిన ఎడమచేతి వేళ్లతో దాన్ని ఎలా పట్టుకున్నానో అలా పట్టుకున్నాను. ఎదురుగా పళ్లెం ఉన్నట్టు నిలబడ్డాను. చేతులు లేపాను, తెరిచాను, కళ్లకద్దుకున్నాను. తాడు నేల మీద పడింది. చప్పుడు కూడా కాలేదు.

"మళ్లీ."

మళ్లీ చేశాను. మళ్లీ పడింది.

"జారలేదు" అన్నాడు.

"లేదు. నేనే వదిలాను."

"రెండు చేతులూ కావాలా దానికి?"

"కావాలి."

కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. నర్సు వచ్చి చాలనేదాకా నేను నిలబడే ఉన్నాను. వెళ్లేటప్పుడు, "దాన్ని ఇంటికి తెచ్చుకునే రోజు నాకు చెప్పు" అన్నాడు. అంతే.

నన్ను పనిలోంచి తియ్యలేదు. తరవాత ఆరేళ్లు ఆయన దగ్గరే చేశాను. షాపు తాళాలు నా దగ్గరే ఉండేవి, డ్రాయింగులు నేనే చూసేవాణ్ని. రెండు కుక్కలూ షాపుకి వచ్చేవి. చిన్నది మూడు కాళ్లతో మిషన్ల మధ్య గెంతుతూ తిరిగేది. నన్ను చూస్తే ఎప్పటిలాగే తోక ఊపేది, దానికేం తెలుసు.

ఆయన మళ్లీ పనిలోకొచ్చిన కొత్తలో, ఒకరోజు మధ్యాహ్నం వాటిని బయట తిప్పే వేళయింది. ఆపరేషన్‌కి ముందు ఆ పని రోజూ నాదే. అలవాటు ప్రకారం లేచి, గోడ మేకుకున్న తాళ్ల కోసం చెయ్యి చాచాను. ఆయన మిషన్ ఆపి, గుండెల మీద ఒక చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా నడిచొచ్చి నాకంటే ముందు వాటిని తీసుకున్నాడు. కోపంగా కాదు.

"నువ్వు ఆ పని పూర్తి చెయ్యి" అన్నాడు, కుక్కలతో బయటికి వెళ్లాడు.